జయ నోట్లో అవ్వ పన్ను

12 జూలై 1999, కోవిల్‌పట్టి

మళ్ళీ ఊడింది. జయ ముందుపన్నుకు నేను పెట్టిన పన్నురంగు సిమెంటు — రెండోసారి. ఈసారి కడలమిఠాయి కొరికిందట, రాయిలాంటి వేరుశనగ పట్టీ. "కొంచమే కొరికినాను డాక్టరమ్మా." కొరకడానికి కాకపోతే పన్నెందుకు? తప్పు ఆ పిల్లది కాదు, నాది. వేరే డాక్టరు పని ఊడితే నాకు లోలోపల నవ్వొస్తుంది. నాది ఊడితే అన్నం దిగదు.

13 జూలై

అసలు ముక్క ఉంటే ఈ తంటా లేదు. హాకీ కర్ర తగిలి పన్ను సగానికి విరిగినరోజు ముక్క గ్రౌండులోనే దొరికింది. జయ జేబులో వేసుకుని ఇంటికి తెచ్చింది కూడా. వాళ్ళవ్వ దాన్ని పేడలో చుట్టి పెంకుల మీదికి విసిరేసింది — పాలపన్నులకు చేసినట్టు. "మల్లా మొలస్తాదని ఏసినాను." పదహారేళ్ల పిల్లకు... నేను అరిచిన అరుపుకు బయట బెంచీ మీది వాళ్లు లేచి నిలబడ్డారు. అవ్వ మాత్రం తమలపాకు మడుచుకుంటూ కూచుంది.

15 జూలై

గ్రౌండు పక్కనుంచి వచ్చాను. జయ సెంటర్ హాఫ్. మధ్యలో నిలబడి అందరినీ కేకేసి ఆడించాలి. నోరు మూసుకుని ఆడుతోంది. కేకకు బదులు చేత్తో సైగ. ఆ సైగ ఎవరూ చూడరు, బాల్ పోతుంది. సెప్టెంబరులో జిల్లా టీముకు సెలక్షన్. సగం పన్నుతో ఆడొచ్చు. నోరు తెరవకుండా మాత్రం ఆడడం కుదరదు.

18 జూలై

ఒక దారి ఉంది. పీకేసిన పన్నులోంచి ముక్క కోసి, ఆవిరిలో ఉడికించి శుద్ధిచేసి, విరిగిన పన్నుకు అతకడం. పన్నుకు పన్నే. మెరుపు ఒకటే, అరుగుదల ఒకటే.

నాకు చదువు చెప్పిన సారుకు ఫోన్ చేశాను. నవ్వారు. "మీ ఊళ్లో సిమెంటు దొరకదా అమ్మా?" తర్వాత కొంచెం నెమ్మదిగా — "ఉడికిన పన్నుకు అతుకు నిలుస్తుందని నీకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. నేనే చూస్తాను.

25 జూలై, విరుదునగర్ వెళ్లివచ్చి

తమ్ముడి స్పిన్నింగ్ మిల్లు. అక్కడ నూలు బలం చూసే మెషిన్ ఉంది, రెండు కొసలు పట్టుకుని తెగేదాకా లాగుతుంది. క్లినిక్ జాడీలో దాచిన పీకిన పళ్ళను జతలుగా అతికి, పైనా కిందా ప్లాస్టర్ దిమ్మలు పోసి, దిమ్మలకు తీగ కొక్కేలు పెట్టి తీసుకెళ్లాను. కొన్ని ఉడికినవి, కొన్ని ఉడకనివి. "అక్కా, ఇది నూలు తెంచే మిషను. పల్లు పెరికేది కాదు" — నవ్వుతూనే బిగించాడు.

అన్నీ ఊడాయి. అతుకు దగ్గరే, చప్పుడు కూడా లేకుండా. తమ్ముడు నా మొహం చూడలేదు.

సాత్తూరు దాటేదాకా బస్సులో కిటికీ వైపే చూస్తూ కూచున్నాను.

27 జూలై

ఉడికినవీ ఊడాయి, ఉడకనివీ ఊడాయి. అంటే వేడిది కాదు తప్పు. నా చేతిదే. జిగురుకు ముందు ఆసిడ్ పూసి కడిగాక గాలి కొట్టి కొట్టి పన్నును ఎండబెడుతున్నాను. తడి చుక్క ఉండకూడదని. ఇది కాలేజీలో నేర్చింది కాదు, విళాత్తికుళం మిరపకళ్లంలో అమ్మ దగ్గర నేర్చింది. "గలగలమని ఆరందే మూట కట్టగూడదు." మిరపకాయకు సరే. పన్నుకు లోపల సన్నటి తడి ఉండాలి, లేకపోతే జిగురు లోపలికి దిగదు.

కరిసల్ నేలలో, ఎండకు బీటలిచ్చే నల్లరేగడిలో పుట్టినదాన్ని. ఆరబెట్టడం నా రక్తంలో ఉంది.

8 ఆగస్టు

మళ్ళీ విరుదునగర్. ఈసారి దూదితో అద్ది వదిలేసిన తడి పళ్ళు.

నిలిచింది. నిలిచింది! మెషిన్ లాగి లాగి చివరికి పన్నే విరిగింది, అతుకు విడలేదు. ఉడికిందీ అంతే, ఉడకనిదీ అంతే. తమ్ముడు ముక్కను వెలుతురుకు పట్టి చూశాడు. "ఏందక్కా ఇది. కుట్టు ఇడల్లేదు, గుడ్డ సినిగినాది."

సారుకు ఫోన్ చేయను. నోటితో చెప్పడం దేనికి, జయనే తీసుకెళ్లి చూపిస్తాను. ఈ తెలుగు రాత నాన్న దగ్గర కూచుని నేర్చుకున్నది. క్లినిక్‌లో ఎవరికీ తెలుగు చదవను రాదు కాబట్టి నా బడాయి అంతా ఇక్కడే: ఈ జిల్లాలో నాలా అతికేవాళ్లు లేరు.

10 ఆగస్టు

జయ వద్దంది. జాడీ చూసి మొహం తిప్పుకుంది. "ఎవురి నోట్లోదో... ఎచ్చిలు."

తడి చూశాను, వేడి చూశాను, బలం చూశాను. ఎంగిలి సంగతి తట్టనే లేదు.

13 ఆగస్టు

అవ్వ వచ్చింది, జయను చెయ్యిపట్టి లాక్కుంటూ. అవ్వ పై ముందుపన్ను ఊగులాడుతోంది. చిగురు ఎప్పుడో వదిలేసింది, పీకక తప్పదని చెబుతూనే ఉన్నాను, భయపడి రాలేదు. ఇవాళ తనే కుర్చీ ఎక్కి కూచుంది. "ఇది పెరికి దానికి పెట్టు. పెంకుల మింద ఏసింది నేనే గదా."

జయ గొణిగింది. అవ్వ తిరిగి చూసింది.

"నేను నమిలి పెట్టింది తిని పెరిగితివి. అప్పుడు లేని ఎచ్చిలు ఇప్పుడు యాడనుంచి వొచ్చినాది?"

జయ నేల చూసింది. "సరి" అంది.

పీకుతుంటే అవ్వ జయ చెయ్యి వదల్లేదు. నా కళ్లే తడిశాయి.

20 ఆగస్టు

అవ్వ పన్ను మీది వక్క మరకంతా గీకాను. కింద లేత పసుపు. ఉడికించి, కోసి, అరగదీసి, కుదిర్చి... తడి ఆరకుండా జిగురు, అది గట్టిపడేందుకు పైన నీలం లైటు. రెండు గంటలు. అద్దం ఇచ్చాను.

"కొంచం పచ్చగా ఉండాది."

"మార్చమంటావా?"

"వొద్దు."

ఎప్పుడైనా విరిగితే ముక్క పాలల్లో వేసి పరుగెత్తుకు రమ్మని చెప్పాను. అవ్వ వైపు చూసి ఇంకోసారి చెప్పాను.

4 సెప్టెంబరు

రోడ్డు మీదే వినబడింది. జయ కేక. ఒకరి పేరు, ఇంకొకరి పేరు, మళ్ళీ మొదటి పేరు... బాల్ అటే వెళ్తోంది. కూరగాయల సంచీతో అక్కడే నిలబడిపోయాను. గర్వంగా ఉంది. రాయడానికి సిగ్గు కూడా లేదు.

11 సెప్టెంబరు

సెలక్ట్ అయింది. అవ్వ ముందుపన్ను లేని నోటితో నవ్వుతూ కడలమిఠాయి పొట్లం తెచ్చి ఇచ్చింది.

3 మార్చి 2002

జయవాళ్ళ అవ్వ పోయింది.

6 ఫిబ్రవరి 2004

జయ వచ్చింది. ఇప్పుడు విరుదునగర్‌లో కాలేజీ, అక్కడి టీముకు ఆడుతోంది. ప్రాక్టీసులో బాల్ నేరుగా మూతికి తగిలింది. పెదవి వాచింది. చేతిలో టిఫిన్ డబ్బా, డబ్బాలో పాలు, పాలల్లో ముక్క. బస్సు కుదుపుకు ఒలకకుండా ఒళ్లోనే పట్టుకు వచ్చిందట.

చేతులు కడుక్కుని ముక్క తీశాను. భూతద్దం కింద పెట్టి చూశాను. రెండుసార్లు చూశాను.

"ఏది ఇరిగినాది డాక్టరమ్మా? అవ్వదా, నాదా?"

"నీదే."

అతుకుకు పైన, తన సొంత పన్ను దగ్గర విరిగింది. అవ్వ పసుపు ముక్కను జయ తెల్లటి పన్ను పలుకు ఒకటి ఇంకా పట్టుకునే ఉంది. గోటితో నొక్కాను. కదల్లేదు.

జయ వాచిన పెదవితోనే నవ్వింది. కొత్తది పెట్టమని అడగలేదు.

కానీ విరిగినచోట నరం తొంగి చూస్తోంది. చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది, అంటే ఇంకా బతికుంది. అది చచ్చిపోతే నేనెంత గట్టిగా అతికినా పన్ను నల్లబడుతుంది. మందు పెట్టి మూసి పంపాను. రేపు పదింటికి రమ్మన్నాను, నరం బతికుంటే ఈ ముక్కే అతకడానికి.

ముక్కను ఉప్పునీళ్లలోకి మార్చాను. గ్లాసు నా బల్ల మీద ఉంది.