మస్తాన్ కోసం పెట్టిన బటన్

ఆదివారం రాత్రి, డోన్

మస్తాన్ చేతుల్లో పట్టు పూర్తిగా పోతోంది. కండరాల జబ్బు. రాయచోటి నుంచి వీడియోలో ఆడుతున్నప్పుడు పాచికలు వాడి వేళ్ల సందుల్లోంచి జారిపోతుంటే మేమంతా చూడనట్టు ఉంటున్నాం. అందుకే, తలా ఒక పాత్రై పాచికలు వేస్తూ కథ నడిపే మా కథలాటలో వాడి యోధుడి వివరాలుండే ఆన్‌లైన్ షీట్‌లో ఒక బటన్ పెట్టాను. తాకితే చాలు, పాచిక అదే దొర్లుతుంది, యోధుడి బలాన్ని కూడా అదే కలుపుకుంటుంది. మా కొట్లో బేరాలు లేనప్పుడల్లా కూర్చుని దాని ప్రోగ్రామ్ రాశాను.

సాయంత్రం వాడు మొదటిసారి తాకాడు. మాది ఇరవై ముఖాల పాచిక; ఇరవై పడింది, అంతకు మించి పడదు. రాక్షసుడు కూలిపోయాడు. అందరం కేకలు వేశాం. వాడు మాత్రం నవ్వలేదు.

"ఏమప్పా, బాగలేదా?" అన్నాను.

"శానా బాగుండాది అక్కా. కానీ చంపింది నేను కాదు గదా. అది ఏస్తాంది, నేను చూస్తాండా."

రెండో రాక్షసుడు రాగానే వాళ్లమ్మను పిలిచాడు. ఆమె పాచికను వాడి అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, ఆ చేతిని తన చేత్తో వంచింది. రెండు పడింది. యోధుడు చచ్చిపోయాడు.

"ఈ తూరి నేనే సచ్చినా!" అని పడీపడీ నవ్వాడు.

ఆట అయ్యాక వాళ్లమ్మ ఫోన్ చేసింది.

"ఆ బటన్ తీసేయొద్దు బేటీ. నేను లేనప్పుడు పనికొస్తాది."

ఏ బజారుకో పోయినప్పుడు కాబోలనుకుని, సరేనన్నాను. ఆమె అన్నది ఆ లేకపోవడం కాదని ఫోన్ పెట్టేశాక అర్థమైంది.