మానెడు నిండని నొప్పి

8 జూలై 1996, సోమవారం

మేడ మీది గదిని ఉదయశ్రీ అను అమ్మాయికి కిరాయికి ఇచ్చాము. యూనివర్సిటీలో ఎం.టెక్. చదువుచున్నది. ఏ విషయమని అడిగాను. ఫజ్జీ లాజిక్ అట. ఒక మాట నిజమో అబద్ధమో తేల్చనక్కర లేదట. సున్నకూ ఒకటికీ నడుమ ఎక్కడైనా ఉండవచ్చునట. నా తరగతిలో ఇట్లు చెప్పినవాడు బల్ల మీద నిలబడెడివాడు.

10 జూలై

ఆమె పరిశోధన మరికొంత తెలిసినది; తెలియకున్నను బాగుండెడిది. రోగులు ‘జర నొప్పి’, ‘బాగ నొప్పి’ అందురు గదా, ఆ మాటలను అంకెలుగా మార్చి కంప్యూటరుకు నేర్పునట. అది గుండెజబ్బును ముందే పసిగట్టునట. ‘జర’ అనునది జ్ఞానమైతే చిక్కడపల్లిలో పండితుడు కానివాడెవ్వడు?

క్లాసుకు ‘పోతున్న’ అన్నది. ‘పోవుచున్నాను’ అని దిద్దాను. అట్లనే సార్, పోతున్న అని నవ్వి మెట్లు దిగినది.

11 జూలై

నారాయణగూడ దుకాణంలో ఫజ్జీ లాజిక్ వాషింగ్ మెషీన్ కనబడినది. ఆ శాస్త్రానికి తగిన చోటే: మురికినీళ్ళు.

14 జూలై

దమయంతి కూరగాయల సంచితో వచ్చి గడపలోనే కూర్చుండిపోయినది. ఛాతీ రుద్దుకొనుచున్నది. నొప్పి ఉన్నదా, లేదా అని అడిగాను. లేదన్నది. జవాబనగా ఇది. నా భార్య ఎన్నడును నీళ్ళు నమలదు. పై గదిలోని విదుషీమణి వచ్చి నేర్చుకొనవలెను.

16 జూలై, సాయంత్రం

ఉదయశ్రీ తన ప్రశ్నలను వంటింట్లో దమయంతి మీద ప్రయోగించినది. నేను ముందుగదిలో పత్రిక చదువుచు, వినక తప్పక విన్నాను. ఛాతీల బరువు ఉంటదా ఆంటీ, ఎంత ఉంటది అని అడిగినది. ఎంత! ఇదియొక ప్రశ్న. సున్న నుండి ఒకటి లోపల చెప్పమన్నది.

ఆ లెక్కలు నాకెందుకని దమయంతి నవ్వి, బియ్యం కొలిచే మాటలలోనే చెప్పసాగినది. పొద్దున గిద్దెడు. బట్టలారేయ మేడెక్కితే సోలెడు. నిన్నటి నుండి తవ్వెడు, అనగా మానెడులో సగం. ఎడమ చేతిలోకి కూడా దిగుచున్నదట.

సార్‌కు చెప్పలేదా అని ఆ పిల్ల అడిగినది.

“ఆయన ఉన్నదా లేదా అని అడుగుతడు బిడ్డా. మానెడు నిండనిది ఉన్నదని ఎట్ల చెప్పాలె? నిండినంక చెప్దామనుకున్న.”

ఉదయశ్రీ ఆటో కొరకు పరుగెత్తినది. నేను పత్రిక మడిచాను. విప్పి, మరల మడిచాను.

17 జూలై, ఆస్పత్రి

గుండెపోటే. డాక్టరును సూటిగా అడిగాను: బ్రతుకునా, బ్రతుకదా? ఇప్పుడే చెప్పలేమట. అంత చదివి, చెప్పలేమట. మధ్యాహ్నం వచ్చి, జర నయమన్నాడు. ఆ మాటను మరొకమారు చెప్పించుకొన్నాను.

నన్ను లోనికి పోనీయరు.

లోపలికి పంపిన చీటీ నకలు

చి. సౌ. దమయంతికి,

ఇప్పుడు ఎంత ఉన్నది? గిద్దెడైనను చెప్పుము. నేను తలుపు బయటనే ఉన్నాను.

సిస్టరు గారూ, ఆమె కళ్ళద్దాలు ఇంటిలో ఉండిపోయినవి. దీనిని పైకి చదివి వినిపించ ప్రార్థన. ‘ఎంత’ అను చోట, ఆమె చెప్పువరకు ఆగవలెను.