మూపురం కొవ్వు

అక్కా హద్రియా, గాబెస్ నుంచి మబ్రూకా రాస్తున్నాను, చదివాక అమ్మకూ వినిపించు.

నువ్వు పంపిన ఒంటె మూపురం కొవ్వే మా బెల్గాసెంను తీసుకుపోయిందని, వాడి నలభయ్యో రోజు ప్రార్థనకు రానంటున్నావట. నేనూ అలాగే అనుకున్నాను. కాయ పట్టాలని ఖర్జూరం చెట్టెక్కి మగపూత కడుతూ పడి తొడ విరిగితే, ఎముకలో కడ్డీ దించారు. అతకాలని ఆ కొవ్వు నేనే చెంచాతో పెట్టాను. "పెద్దమ్మ ఒంటెను కూడా మంచం కింద కట్టేసిందా అమ్మా?" అని నవ్వాడు. మర్నాడు ఎగఊపిరి, ఎదంతా దానిమ్మ పూరేకుల్లా చుక్కలు. "చెట్టు మొవ్వు దాకా ఎక్కానమ్మా, సముద్రం కనబడుతోంది. ఇక్కడ గాలే లేదు" అన్నాడు. నేను కళ్లు మూస్తే వాడింకా ఎక్కుతూనే ఉన్నాడు.

ఊపిరితిత్తుల్లో కొవ్వు చేరిందనగానే, "నేనే పెట్టాను" అని డాక్టరమ్మ కాళ్ల మీద పడ్డాను. "పిచ్చితల్లీ, తిన్నది అక్కడికి పోదు. ఇది వాడి ఎముక మూలుగలోదే, కడ్డీ దించేటప్పుడు నెత్తుట్లో కలిసింది" అంది.

అమ్మ మోకాళ్లెలా ఉన్నాయి? వాడు వదిలిన చెట్టుకు పొరుగాయన పూత కట్టాడు, గెలలు దిగాయి.

కొవ్వు డబ్బా పారేయలేదు. నువ్వు రా, ఒకే గిన్నెలో రొట్టె అద్దుకు తిందాం. నీ చెయ్యి చల్లనిదక్కా, అల్లా దాన్ని అలాగే ఉంచాలి.