ఆయిల్ మార్పించిన తేదీలు

కరీంనగర్, మంగళవారం రాత్రి

మా కారు మోడల్‌కు ఇంజన్ తయారీలోనే లోపం ఉందని పొద్దున పేపర్లో చదివాను. కొన్నవాళ్ళంతా కలిసి కోర్టుకెక్కితే, కంపెనీ తన తప్పు ఒప్పుకోకుండానే ఇంజన్లు ఉచితంగా మార్చేందుకు రాజీపడిందట.

నిరుడు మనవలతో వేములవాడ పోయి వస్తుంటే మా ఇంజన్ పట్టేసింది. ఆయిల్ మార్పించలేదని డ్రైవర్ మల్లేశాన్ని అతని తండ్రి ముందే తిట్టి, పని మాన్పించాను.

"వేములవాడ రాజన్న మీద ఒట్టు అమ్మా, టైముకే మార్పించిన" అన్నాడు.

"ఒట్లు నాకొద్దు. రాసి ఉంటే చూపియ్యి" అన్నాను.

రాసిపెట్టేది నేనే. ఇవాళ నా పద్దు పుస్తకం తీస్తే, మార్పించిన ప్రతి తేదీ నా చేతిరాతలోనే ఉంది. ఆ రోజు దాన్ని తెరవాలని కూడా నాకు తోచలేదు.

సాయంత్రం మల్లేశానికి ఫోన్ చేసి మళ్ళీ పనికి రమ్మన్నాను. పేపర్ సంగతి అతనికి అప్పటికే తెలుసు.

"వస్త గనీ అమ్మా, మా బాపుకు ఒక్క మాట చెప్పుర్రి. నా తప్పు కాదని మీ నోటితోని వింటెనే నమ్ముతడు. ఇక్కడనే ఉన్నడు, ఫోనియ్యన్నా?"

"జీతం పెంచుత, రా. ఆ మాటలన్నీ ఇప్పుడెందుకు" అని పెట్టేశాను.

పొద్దున ఆ కంపెనీ రాజీ గురించి చదివినప్పుడు, ఎంత సిగ్గులేనివాళ్ళు అనుకున్నాను.