గ్రేసీ మోకాళ్ళ సంగతి

ఏవండీ, వందనాలు.

మీరు వెళ్ళి ఏడాది మూడు నెలలైంది. ఇన్నాళ్ళూ మీతో ఏం చెప్పుకున్నా మనసులోనే. ఈ సాయంత్రం మన మనవరాలు గ్రేసీ నాకొక పని అప్పజెప్పింది. తను మొండిపిల్ల కాదని తాతయ్యకి చెప్పాలట. మనసులో అనుకుని వదిలేసే మాట కాదనిపించి పెన్ను తీశాను.

మీకు గుర్తుందా... దాన్ని స్కూలు వ్యానెక్కించి వచ్చి, హైటెక్ సిటీ ట్రిప్పుకి క్యాబ్ తీసేముందు ఒకరోజు అన్నారు. "రత్నం, ఈ పిల్ల పొద్దున ముసల్దానిలా నడుస్తుంది, సాయంత్రానికి చిన్నపిల్లవుతుంది. చూశావా?" నేను నవ్వేశాను. బడికి ఎగనామం పెట్టే వేషాలన్నాను. మీరు మర్నాటి నుంచి దాన్ని ఎత్తుకుని మెట్లు దించేవారు.

మీరు పోయాక మూడంతస్తులూ అదే దిగేది. కమ్మీ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ. నేను వెనక నుంచి తొందరపెట్టేదాన్ని.

రెండో తరగతిలో డైరీ నిండా టీచరు రాతలే. కుదురుగా కూర్చోదు, రాస్తున్నది సగంలో వదిలేస్తుంది, పక్కపిల్లని తోస్తుంది. మన అమ్మాయి సునీత ఆఫీసు నుంచి వచ్చి అవి చదివి తల పట్టుకునేది. పొద్దస్తమానం పిల్ల నా దగ్గరే కదా... తలవంపు నాకే.

సాయంత్రం కుటుంబ ప్రార్థనలోనూ అంతే. మన ఇంట్లో మోకాళ్ళ మీదే చేస్తాం. పాట సగంలో లేచి వెళ్ళిపోయేది. మీరైతే క్యాబ్ నడుపుతూనే ప్రార్థన చేసుకునేవారు. "కళ్ళు మూసుకుంటే ఫ్లైఓవర్ మీద నుంచి నేరుగా పరలోకానికే ట్రిప్పు" అనేవారు. గ్రేసీ లేచి వెళ్ళిపోతే "దేవుడి దగ్గర హాజరు పట్టీ లేదులే, వదిలెయ్" అనేవారు.

నేను వదల్లేదు. మీరు పోయాక ఒకరోజు దాని భుజం మీద చెయ్యి వేసి, పాట అయ్యేదాకా అదిమి పట్టుకున్నాను. చెయ్యి కొరికింది. ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు చీటీ రాసిచ్చాను... మా మనవరాలి మొండితనం పోవాలని. పాస్టరు గారు పేరుతో సహా పైకి చదివారు. అది నా పక్కనే కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

కొన్నాళ్ళకి స్నానం చేయిస్తుంటే దాని మోకాలు నా చేతికి వేడిగా తగిలింది. రెండోదానికంటే లావుగా ఉంది. ఎన్నాళ్ళ నుంచో...? చెప్పలేదేమని అడిగితే, మోకాళ్ళు అందరికీ ఇలాగే నొప్పి పుడతాయనుకుందట.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కీళ్ళవాతం అన్నారు. ఇంత చిన్నపిల్లలకీ వస్తుందట, ఏళ్ళ తరబడి ఉంటుందట. నొప్పితో నిద్రపట్టని పిల్లకి పాఠం మీద మనసెలా నిలుస్తుందమ్మా, చెప్పుకోలేని బాధ కోపంగా బయటికొస్తుంది అన్నారు. ఎప్పుడు మొదలైందని అడిగితే సునీత నా వైపు చూసింది. నేను మీ మాట చెప్పాను. మీరు అన్నది అన్నట్టే. పొద్దున కీళ్ళు బిగుసుకుపోవడమే ఈ జబ్బుకి గుర్తట.

ఇప్పుడు వారానికోసారి మందు. మర్నాడు వాంతులు. వాపు తగ్గింది గానీ చిరాకు ఇంకా పోలేదండి. నిన్న కూడా కంపాస్ బాక్సు విసిరేసింది. అన్నీ ఒకేసారి సర్దుకోవట, ఓపిక పట్టాలట. టీచరు మాత్రం చివరి బెంచీ ఇచ్చి, ఎప్పుడు లేవాలనిపిస్తే అప్పుడు లేచి నడవమన్నారు.

ప్రార్థనకి నేనూ కుర్చీలు వేశాను. నెల రోజులైనా అది రాలేదు. పాట మొదలవగానే గదిలోకి పోయి తలుపు వేసుకునేది. ఏ మొహంతో పిలవను...?

ఈరోజు తలుపు తీసి గుమ్మంలో నిలబడింది. కూర్చోలేదు. పాట అయ్యాక, చర్చిలో అందరికీ చెప్పావు కదా అమ్మమ్మా, తాతయ్యకి కూడా చెప్పావా అని అడిగింది. లేదన్నాను. అయితే మొండిపిల్లని కాదని చెప్పు అంది.

మీకు చెప్పక్కర్లేదని నాకు తెలుసు. వినాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. ఈ ఆదివారం చీటీ రాయను. లేచి నిలబడి నోటితోనే చెబుతాను... ఆ మొండితనం పిల్లది కాదు, నాది, నా గురించి ప్రార్థించండని. నలుగురిలో నోరు విప్పని దాన్ని కదా, మాట తడబడుతుందేమో. తడబడనీ.

ఈ కాగితాలు మీ క్యాబ్ చొక్కా మడతలో పెడుతున్నాను. మీ దగ్గరే ఉంచుకోండి. ఎవరికీ చూపించకండి. గ్రేసీకి నేనే చెప్పుకుంటాను.

మీ రత్నం