దుంగల మధ్య వేడి

నవంబర్ 14, 2009. శనివారం రాత్రి.

నార్త్ కరొలినా కొండల్లో కొన్న, చెట్టు దుంగలతో కట్టిన ఈ లాగ్ క్యాబిన్‌లో ఉదయం గృహప్రవేశం అయింది. హోమం బయట పెట్టుకుందామన్నారు పంతులుగారు. ‘గాలికి ఆరిపోతుందండీ, హాల్లోనే కానిద్దాం’ అన్నాడు మా ఆయన. నేను వద్దని సైగ చేస్తే చూడనట్టు ఊరుకున్నాడు.

నెయ్యి పోయగానే నిప్పురవ్వ ఎగిరి గోడలో రెండు దుంగల మధ్య సందులో పడింది. అక్కడ గాలి రాకుండా కూరిన పాత నార ఎండిపోయి ఉంది. సన్నగా పొగ లేచింది. ‘అమ్మా, అది కలశం’ అని పంతులుగారు అంటున్నా వినకుండా ఆ నీళ్లే పోశాను. పొగ ఆగింది.

‘ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి కాల్ చేద్దాం. లోపల రాజుకుంటే తెలీదు’ అన్నాను.

‘గృహప్రవేశం రోజు ఇంటికి ఫైరింజనా? అపశకునం. ఆరిపోయిందిగా, వదిలెయ్’ అన్నాడు మా ఆయన. అందరి ముందూ ఏం వాదిస్తానని ఫోన్ పక్కన పెట్టేశాను.

ఇప్పుడు ఆయనా పిల్లలూ పైన నిద్రపోతున్నారు. నాకు నిద్ర పట్టక ఆ గోడ పక్కనే కూర్చున్నాను. సాయంత్రం చెయ్యి పెట్టి చూస్తే దుంగ చల్లగానే ఉంది. ఇందాక పెడితే గోరువెచ్చగా తగిలింది. నా చెయ్యే వేడేమోనని అవతలి గోడ మీద పెట్టి చూశాను. అది మంచులా ఉంది.

ముందు పిల్లల్ని లేపుతాను. శకునం సంగతి ఆయనతో బయట నిలబడి మాట్లాడతాను.