డాబా మీది రెండు తీగలు

ఫిబ్రవరి 8, ఆదివారం సాయంత్రం

ఓడలో ఉన్న మామయ్యకు, నేల మీది మేనకోడలి నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. అమ్మకు జలుబు తగ్గింది, మీ మీద బెంగ తగ్గలేదు.

ఇవాళ పొద్దున్నే బ్యాటరీ లేని బల్బు వెలిగింది మామయ్యా. మీరిచ్చిన రేడియో రిసీవర్ కోసం డాబా మీద నేనొక తీగ కట్టాను కదా, అది పక్కింటి మాస్టారు తన హామ్ రేడియోలో ప్రసారం చేసే ఏరియల్‌కు పదడుగుల దూరంలో, సమాంతరంగా ఉంటుంది. పెద్ద తీగ పక్కనుంటే నా తీగకూ బాగా వినబడుతుందని నా లెక్క. అలా ఉంటే రిసీవర్‌కు ముప్పని మాస్టారు ఆ తీగను సెట్టు నుంచి ఊడదీయించారు. ఆ కొసకూ భూమిలోకి దింపిన ఎర్త్ తీగకూ మధ్య ఒక టార్చి బల్బు పెట్టించి, కిందికి వెళ్లి తన ప్రసారం సెట్టు మీట నొక్కారు. బల్బు వెలిగింది. వదిలారు, ఆరింది. రెండు తీగల మధ్య గాలి తప్ప ఏమీ లేదు. ప్రేరణ అనే మాటను పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో, దాన్ని కళ్లతో చూడడం ఇదే మొదలు.

వేల మైళ్ల అవతలి నుంచి మీ గొంతూ ఆ తీగ మీదికే వస్తుంది, దూదిపింజను కూడా కదిలించలేనంత సన్నగా. అంత సన్నటిదాన్ని వినే చెవిలో ఇంత బలం పడితే ఇంకేం మిగులుతుంది?

మధ్యాహ్నమంతా కాపలా పనే. తీగను డాబా అవతలి అంచుకు మార్చి, మాస్టారి తీగకు అడ్డంగా కట్టాం. రిసీవర్ ముందు రెండు డయోడ్లు ఎదురుబొదురుగా పెట్టాం. చిన్న సంకేతాన్ని అవి పట్టించుకోవు, లోపలికి పోనిస్తాయి. పెద్దది వచ్చిందా, దారి మళ్లించి భూమిలోకి దింపేస్తాయి. చూస్తే బియ్యపు గింజంత, పని చూస్తే కోట గుమ్మమంత. మాస్టారి భార్య వచ్చి, ఈయన మీట నొక్కితే మా టీవీలో వార్తలు చదివేవాడికి వణుకు పుడుతోంది, దానికీ ఓ రెండు గింజలు పెట్టమ్మా అన్నారు.

రేపు సోమవారం. ప్రతి వారంలాగే పొద్దున ఆరింటికి రేడియోలో మీ పిలుపు.

మీ మాట కోసం చెవులు రిక్కించే
మేనకోడలు

తా.క. పోయిన సోమవారం ఆకాశం బాగాలేక మీ గొంతు వినబడలేదని రాశాను. అబద్ధం. మాస్టారికి గంట కొట్టినట్టు వినబడిందట. వాడనప్పుడు స్విచ్ ఆపేస్తే చాలనుకుని, తీగను తగిలించే ఉంచాను. మీరు నా వయసులో చేత్తో కట్టుకున్న సెట్టు మామయ్యా, అందులో మొదటి ట్రాన్సిస్టర్ కాలిపోయింది. మాస్టారు తిట్టలేదు. "సెట్టు నిద్రపోతుంది గానీ తీగ నిద్రపోదమ్మాయ్" అన్నారంతే. రేడియోలో మీకు తనే చెబుతానన్నారు. నేను రాసేదాకా ఆగమన్నాను.

కొత్త ట్రాన్సిస్టర్ ఆయనిచ్చారు, అతకడం మాత్రం నేనే. ఆయన పక్కన కూర్చుంటారట, చెయ్యి వేయరట. రేపు ఐదింటికే లేచి ఆ పని ముగించి, మీరు పిలిచే వేళకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉంటాను.